బాబ్జి పట్టని గుమ్మం

చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు. పునాది మీద గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. ఒళ్ళంతా పసుపు, పైన కుంకుమ బొట్లు, నెత్తిన మామిడి తోరణం, పడిపోకుండా అటూ ఇటూ రెండు వెదురు పోట్లు. ఆ గుమ్మంలో బాబ్జి చక్రాల కుర్చీ ఇరుక్కుపోయింది.

"ఇంకాస్త నెట్టు నీలా," అన్నాడు బాబ్జి.

నీలవేణి నెట్టింది. కుడి చక్రం చెక్కకు రాసుకుని కీచుమంది. వెనక్కి లాగి, కొంచెం పక్కకు తిప్పి, మళ్ళీ నెట్టింది. ఈసారి ఎడమ చక్రం తగిలింది. చక్రాల మీదున్న చేతులు తీసి బాబ్జి ఒళ్ళో పెట్టుకున్నాడు. అయినా పట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటేనే పట్టని కుర్చీ, ఇక తన చక్రాలు తను తిప్పుకునేవాడికి ఏం పడుతుంది? చెక్కకూ మోచేతికీ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలేలా ప్లాన్‌లో గీసింది నీలవేణి. ఇక్కడ వేలు దూరే సందు కూడా లేదు.

"పోన్లే, పక్కనుంచి ఎల్లిపోతాను. గోడ మాత్రం కట్టొద్దని సెప్పు," అని నవ్వాడు బాబ్జి.

నీలవేణికి నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అన్న చికిత్సకని వారం రోజులున్న వైజాగ్ పెద్దాసుపత్రి నుంచి బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా, నిన్న ఎత్తిన గుమ్మం చూద్దామని అన్నను ఆటోలో తిన్నగా ఇక్కడికే తీసుకొచ్చింది. చూసింది, కడుపు నిండింది.

బాబ్జి ఆమెకు సొంత అన్న. మూడేళ్ళ కిందటి వరకు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. లారీ పైన దిమ్మలు పేరుస్తూ జారి వీపు మీద పడ్డాడు. నడుం కింద ఒళ్ళు అతని మాట వినడం మానేసింది, నొప్పి మాత్రం తెలుస్తూనే ఉంది. ఏడాదిపాటు గోడకేసి తిరిగి పడుకున్నాడు. తర్వాత సెల్‌ఫోన్లు బాగుచెయ్యడం నేర్చుకుని, గవరపాలెంలో అద్దె ఇంటి అరుగు మీద చిన్న బల్ల వేసుకున్నాడు. పని బాగానే నడుస్తోంది. ఆ ఇంటికి మెట్లున్నాయి, అదీ బాధ. బయటికి రావాలన్నా లోపలికి పోవాలన్నా ఎవరో ఒకరు ఎత్తాలి. పక్కింటాయన, పాలవాడు, రోడ్డు మీద పోయేవాడు, ఎవరు దొరికితే వాళ్ళు. ఎత్తుతున్నంతసేపూ బాబ్జి కళ్ళు మూసుకునేవాడు.

"నేనూ బత్తాలు ఎత్తినోడినే. బత్తాకి సిగ్గుండదు నీలా, అదొక్కటే తేడా," అన్నాడొకసారి.

ఊరి చివర ఈ కాస్త స్థలంలో ఇల్లు కడదామని అనుకున్నప్పుడు, హాలు ఎంతుండాలి, వంటగది ఎటుండాలి అని అతను ఒక్క ముక్క అడగలేదు. అడిగిందల్లా ఒకటే. "నా ఇంట్లోకి నేనే ఎల్లాల. నన్నెవలూ ఎత్తకూడదు."

నీలవేణి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, త్రినాధరావు అనే ఇంజినీరు దగ్గర కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే పని చేస్తోంది. ఊళ్ళో ఎందరి ఇళ్ళో గీసింది గానీ, ఈ ఇల్లు గీసినంత ఇదిగా ఏదీ గియ్యలేదు. ముందు అన్న కుర్చీ కొలిచి, కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ గీసి, అతని మోచేతులు ఎంత దూరం వెళతాయో గీసి, ఆ తర్వాత దాని చుట్టూ ఇల్లు గీసింది. మెట్ల బదులు వాలు. గడప నేలకు సమంగా. ఈ గడప గురించి తల్లి కాసులమ్మతో పెద్ద యుద్ధమే అయింది. ఎత్తు గడప లేని ఇల్లు ఇల్లేనా అని రెండ్రోజులు అన్నం మానేసింది కాసులమ్మ. చివరికి గడప చెక్కను నేలలోకి దింపి, పసుపు రాయడానికి పై ముఖం మాత్రం కనిపించేలా ఉంచుదామంటే ఒప్పుకుంది. ఆ గడప సంగతి వడ్రంగికి నోటితో చెప్పారు. అది సరిగ్గానే కుదిరింది. కాగితం మీద గీసిచ్చిన వెడల్పే మంటగలిసింది.

"ఏటే ఆ గుంజుడు? నిన్ననే ఎత్తిన గుమ్మం. కదిలిపోగల్దు!" అంటూ పునాది అవతల నుంచి కాసులమ్మ పరుగున వచ్చింది.

"కదిలితేనే మంచిది. చూడు, అన్నయ్య పట్టట్లేదు."

కాసులమ్మ చూసింది. కుర్చీ చూసింది, గుమ్మం చూసింది, కొడుకు మొహం చూసింది.

"ఇది తీయించెయ్యాలమ్మా. ఇంకా గోడ లేవలేదు. ఈ పోట్లు తీస్తే గంటలో వచ్చేస్తుంది."

"నీకేమైనా మతిపోనాదేటి?" కాసులమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "కింద నవరత్నాలు ఏసేం. పంతులుగారు మంత్రం సదివేరు. ఎత్తిన గుమ్మం కదిపితే ఇంటి పెద్దకి గండం. ఈ ఇంటికి పెద్దెవలే? ఆడే కదా!"

తల్లి మూఢత్వంతో మాట్లాడుతోందంటే కోప్పడవచ్చు. తల్లి భయంతో మాట్లాడుతోంది. ఒకసారి లారీ మీంచి పడి బతికిన కొడుకు మీద ఇంకో గండం రాకూడదని ఆమె భయం. నీలవేణి అన్నను కుర్చీతో సహా చెట్టు నీడకు చేర్చి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"ఇది చేసినోడి దగ్గరికి."

వడ్రంగి ఎర్రయ్య దుకాణం రింగురోడ్డు పక్కన రేకుల షెడ్డు. గవరపాలెంలో పెళ్ళి మంచాల దగ్గర్నుంచి పాడె కర్రల దాకా ఆయన చేతివే. నీలవేణి వెళ్ళేసరికి రంపపు పొట్టులో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు.

"ఎర్రయ్య మావా, మా గుమ్మం ఎంత వెడల్పు పెట్టేవు?"

"బయటి కొలత రెండడుగుల పది అంగుళాలమ్మా, సెక్కలు పోను రెండడుగుల రెండు. ఏటి, బాగా కుదిర్లేదేటి?"

"నాలుగడుగులు మావా! నాలుగడుగులు గీసేను నేను. నాలుగడుగుల గుమ్మానికి రెండడుగుల పదేటి? మా అన్నయ్య కుర్చీ నువ్వు చూళ్ళేదా? రోజూ ఆ కుర్చీ ముందునుంచే కదా పోతావు!"

ఎర్రయ్య మొహం వాడిపోయింది. లేచి, గూట్లోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. "నాను సొంతంగా ఏటీ సెయ్యలేదు పాపా. ఇంజినీరు బాబు ఇచ్చిన కాగితం ఇది. ఇందులో ఉన్నదే కోసేను."

కాగితం విప్పగానే నీలవేణికి సంగతి సగం అర్థమైంది. అది ఆమె గీసిన గుమ్మమే. కానీ తను అనుకున్న పెద్ద కాగితం కాదు, అందులో సగం ఉండే మామూలు జెరాక్సు కాగితం. పెద్ద కాగితం కోసం గీసిన బొమ్మంతా కుంచించుకుపోయి ఈ చిన్న కాగితంలో కూర్చుంది. పక్కన వేసిన అంకెలు చీమ తలల్లా చితికిపోయాయి. పైగా ఇది జెరాక్సుకు జెరాక్సు. నాలుగడుగులు అన్న చోట ఒక నల్ల మచ్చ ఉంది. చదవడానికి వీలుగా మిగిలింది అడుగున లావుగా రాసిన ఒకే ఒక్క మాట: స్కేలు, ఒకటికి ఇరవై.

"అంకెలు కనపడ్నేదమ్మా. కింద స్కేలు రాసున్నాది కదా అని కాగితం మీద బద్ద పెట్టి కొలిసేను. అంగుళానికి ఇరవై లెక్కేసి కోసేను. మేం ఎప్పుడూ అలాగే సేత్తాం."

నీలవేణి ఆయన చేతిలోని బద్ద లాక్కుని కొలిచింది. నిజమే. ముసలాడు లెక్క తప్పలేదు. కాగితం అబద్ధం చెప్పింది. బొమ్మ చిక్కిపోయింది గానీ, దాని కింద రాసిన మాట చిక్కలేదు. ఒకటికి ఇరవై అంటూ ధీమాగా అక్కడే కూర్చుంది.

"మరి ఎత్తు సరిగ్గా ఏడడుగులు ఎలా వచ్చింది?"

"ఎత్తు ఎప్పుడూ ఏడే కదమ్మా. దానికి కొలతేటి? ఎడల్పు ఒక్కటే ఇంటింటికీ మారతాది. అదొక్కటే కాగితం సూసి తీసేను."

"ఎత్తు కూడా కొలిచుంటే అయిదడుగులు వచ్చేది మావా. అయిదడుగుల గుమ్మంలోంచి ఎవరు దూరతారు? అప్పుడే తెలిసిపోయేది నీకు. ఇంత సన్నంగా వచ్చినప్పుడు అనుమానం రాలేదా? ఒక్క మాట అడగొచ్చు కదా!"

ఎర్రయ్య తల దించుకున్నాడు. "వచ్చినాది. అబద్ధం ఎందుకు. కుర్సీ ఎలాగ దూరతాదని అనుకున్నాను. ఇంజినీరు బాబు గీసినారు, ఆయనకి తెలీదేటి, మడత పెట్టుకునే కుర్సీ ఏదైనా కొంటారేటో అని ఊరుకున్నాను."

ఊరుకున్నాడట! నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఊళ్ళో ప్రతివాడూ ఊరుకుంటాడు. కళ్ళెదుట తప్పు కనిపిస్తున్నా, కాగితం మీద ఉంది కదా అని ఊరుకుంటాడు. ఇంకా నాలుగు మాటలు అనబోయింది. అంతలో కాగితంలో ఇంకో సంగతి కంటపడి ఆగిపోయింది. గుమ్మం మధ్యలో తను గీసిన కుర్చీ లేదు. కుర్చీలో మనిషి లేడు. అడుగున గీసిన కొలబద్ద గీత కూడా లేదు. ఒక అడుగు ఎంతో, రెండడుగులు ఎంతో చూపించే గీత అది. కాగితం చిక్కితే అదీ చిక్కుతుంది, బద్ద పెట్టినవాడికి నిజం చెబుతుంది. సరిగ్గా ఇలాంటి గొడవ రాకూడదనే గీసింది. ఆ చోటంతా ఇప్పుడు ఒక పెద్ద డబ్బా ఆక్రమించింది. డబ్బాలో లావుపాటి అక్షరాలతో త్రినాధరావు పేరు, డిగ్రీలు, ఫోన్ నంబరు.

"ఇంకా ఏమైనా కోసేవా?"

"లోపలి గుమ్మాలకి కర్ర ఇంకా ముట్టుకోలేదమ్మా."

"నూకాలమ్మ తల్లి దయ," అని కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

త్రినాధరావు ఆఫీసు మందుల షాపు పైన, మేడ మీద. మెట్లెక్కుతున్నప్పుడు నీలవేణి ఒక్కటే అనుకుంది, ఏడవకూడదని. ఆమెకు కోపం వస్తే కన్నీళ్ళొస్తాయి. మగవాళ్ళు ఆ కన్నీళ్ళు చూసి, కోపం సంగతి మర్చిపోయి ఓదార్పు మొదలెడతారు.

"రా అమ్మా, రా. గుమ్మం చూసేవా? దగ్గరుండి ఎత్తించేను. మీ అమ్మగారు ఎంత సంతోషించేరో!" త్రినాధరావు కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు. ప్లాను ఊరికే సంతకం పెట్టి ఇచ్చానని నెలకు రెండుసార్లు గుర్తుచేసే మనిషి, ఇప్పుడు గుమ్మం కూడా ఆ ఖాతాలో కలిపేశాడు.

నీలవేణి కాగితం బల్ల మీద పరిచింది. "ఇది మీరే ప్రింటు తీసేరా సార్?"

"అవును. నువ్వు సెలవు కదా."

"ఇది పెద్ద కాగితానికి చేసినదని చెప్పేను. మన ప్రింటర్లో పట్టదు, వైజాగ్‌లో తియ్యాలని చెప్పేను. ఫోన్లో కూడా చెప్పేను. మళ్ళీ ఇదేటి సార్?"

"ఒక్క గుమ్మం బొమ్మ కోసం వైజాగ్ పరిగెడతారేటమ్మా? మొదట తీస్తే సగం గుమ్మమే వచ్చింది. అందులో ఒక టిక్కుంది కదా, కాగితానికి సరిపడా చెయ్యమని. అది పెట్టేను. ముచ్చటగా మొత్తం వచ్చేసింది."

చెప్పడంలో గర్వం కూడా ఉంది. నీలవేణి బల్ల అంచు పట్టుకుంది. కంప్యూటర్లో గీసేటప్పుడు నాలుగడుగుల గుమ్మం నాలుగడుగులే. దానికి చిన్నా పెద్దా లేదు. కాగితం మీదకు దింపేటప్పుడే, ఎన్నో వంతుకు కుదించాలో మనం దానికి చెప్పాలి. ఇరవయ్యో వంతు అంటే ఇరవయ్యో వంతే. ఆ టిక్కు పెడితే మాత్రం మన మాట వినదు. కాగితం ఎంతుంటే బొమ్మను అంతకు నొక్కేస్తుంది. చేరిన మొదటి వారంలోనే ఈ మాట ఆయనకు చెప్పింది. నాకు తెలీదేటమ్మా అన్నాడు.

"సగం గుమ్మం వచ్చుంటే బాగుండేది సార్. చూసినవాడెవడైనా తప్పని గుర్తుపట్టేవాడు. మొత్తం వచ్చింది కాబట్టే మునిగేం."

"అంకెలు వేసున్నాయి కదా! ఆ వడ్రంగి చూసుకోవద్దూ? ప్రింటు మీద బద్ద పెట్టి కొలవకూడదని ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది."

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. నీలవేణి కాగితం ఆయన ముందుకు జరిపింది. "చదవండి సార్. ఆ అంకె ఎంతో మీరు చదివి చెప్పండి."

త్రినాధరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితం దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టాడు, కిటికీ వైపు తిప్పాడు.

"ఇక్కడ వెలుతురు చాలట్లేదు," అన్నాడు.

"మరి కుర్చీ ఏదండి? నేను గీసిన కుర్చీ?"

"అదేటమ్మా, గుమ్మం మధ్యలో చిన్నపిల్లల బొమ్మలాగ! ప్రొఫెషనల్‌గా ఉండదని తీసేసేను. పైగా టైటిల్‌కి చోటు లేదు."

"ఆ కుర్చీ మా అన్నయ్య సార్."

గొంతు పెద్దదైంది. కింద మందుల షాపులో ఎవరో తలెత్తి చూశారు. చూడనీ అనుకుంది. "ఇల్లు కట్టేది అతనికోసం. మీ పేరు పట్టడానికి అతన్ని తుడిచేసేరు. గీతొకటి గీసేను, స్కేలు తప్పితే పట్టుకుంటుందని. అదీ తుడిచేసేరు. ఇంత చేసి, తప్పు వడ్రంగిదంటారా?"

"గొంతు తగ్గించు. ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకో. మర్యాదగా ఊరుకుంటే నెత్తికెక్కుతున్నావు." త్రినాధరావు కళ్ళజోడు తీసి, స్వరం మార్చాడు. "అయిందేదో అయింది. ఎత్తిన గుమ్మం కదిలిస్తే అరిష్టం. మీ అన్నయ్యకే మంచిది కాదు. సాయంత్రం నేనే వచ్చి మీ అమ్మగారితో మాట్లాడతాను. సర్దుకుంటే సరిపోయేదానికి ఇంత రభస దేనికి?"

చదువుకున్న మూఢత్వం ఎంత సుఖంగా ఉంటుందో! ఆఫీసులో వాస్తు పేరెత్తితే ముసిముసిగా నవ్వే మనిషి, తన తప్పు కప్పుకోవలసి వచ్చేసరికి శాస్త్రాలన్నీ వల్లిస్తున్నాడు. నీలవేణి కాగితం తీసుకుని వచ్చేసింది. ఏడవలేదు. మెట్లు దిగాక మాత్రం గోడను ఒక్క గుద్దు గుద్దింది. వేళ్ళు కమిలాయి తప్ప కోపం తగ్గలేదు.

పొద్దు వాలుతుండగా త్రినాధరావు స్కూటర్ మీద వచ్చాడు. వెంట ఇద్దరు తాపీ పనివాళ్ళను తెచ్చుకున్నాడు. ఎర్రయ్య అప్పటికే వచ్చి, పనిముట్ల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, తప్పు చేసినవాడిలా ఒక పక్కన నిలబడ్డాడు. బాబ్జి పొద్దుటి నుంచి ఇల్లు చేరనేలేదు. చెట్టు కిందే ఎవరో ఇచ్చిన ఫోన్ విప్పుకుని కూర్చున్నాడు.

"కాసులమ్మగారూ, మీరేం బెంగ పెట్టుకోకండి," అన్నాడు త్రినాధరావు తేనె పూసిన గొంతుతో. "ఎత్తిన గుమ్మం కదపకూడదని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఈ కాలం పిల్లలకి తెలీదు. కుర్చీ పట్టకపోతే మనిషి పడతాడు కదా! కుర్చీ మడిచేస్తే లోపలికొస్తుంది. మనిషిని ఇద్దరు పట్టుకుంటే నిమిషంలో పని. చూపిస్తాను చూడండి."

"సార్, వద్దు," అంది నీలవేణి.

"చూడమ్మా ఒకసారి. ఒరే, పట్టుకోండి."

బాబ్జిని ఎవరూ అడగలేదు. చేతిలో ఫోన్ పక్కన పెట్టడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. పనివాళ్ళు కుర్చీని గుమ్మం దాకా తోసుకొచ్చి, ఒకడు చంకల కింద, ఒకడు మోకాళ్ళ కింద చెయ్యి వేసి, మూట లేపినట్టు లేపారు. బాబ్జి కళ్ళు మూసుకున్నాడు. ఉచ్చ కోసం అతనికి గొట్టం పెట్టి ఉంటుంది, దాని సంచి కుర్చీకి కట్టి ఉంటుంది. ఆ సంగతి ఆ పనివాళ్ళకేం తెలుసు?

"ఆగండి, ఆగండి!" నీలవేణి అరుస్తూ పరిగెత్తింది.

అందలేదు. సంచి తెగి గుమ్మంలో పడింది. గొట్టం గుంజుకున్న బాధకు బాబ్జి కేక పెట్టాడు. లారీ మీంచి పడిన దగ్గర్నుంచి ఇంతవరకు అలాంటి కేక అతని నోట ఎవరూ వినలేదు. పనివాళ్ళు బెదిరిపోయి అతన్ని అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డారు. లోపలా కాదు, బయటా కాదు. నేలకు దించిన గడప మీద, నిన్న రాసిన పసుపు మీద తడి పాకింది.

త్రినాధరావు ప్యాంటు పైకి పట్టుకుని వెనక్కి గెంతాడు. "ఛ ఛ! గడప మైల పడిపోయింది. నీళ్ళు తీసుకురండ్రా!"

నీలవేణి అన్నను కుర్చీలోకి దించి, గొట్టం ఊడిందేమో చూసి, తన చున్నీ అతని ఒళ్ళో కప్పింది. ఊడలేదు. కుర్చీని వాలు కిందికి దింపింది. బాబ్జి కళ్ళు తెరవలేదు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇంటికి తీసుకుపో నీలా," అన్నాడు మెల్లగా. "ఆ ఇంటికే తీసుకుపో. ఇదొద్దు."

ఆ మాట విన్నది నీలవేణి ఒక్కతే కాదు.

కాసులమ్మ వచ్చి, వంగి, చీర కొంగుతో గడప తుడిచింది. తడితోపాటు పసుపూ కుంకుమా కూడా తుడుచుకుపోయాయి. మైల పోవడానికి తుడుస్తోందని త్రినాధరావు అనుకున్నట్టున్నాడు, "అదేనమ్మా, పసుపునీళ్ళు కూడా చల్లిస్తే..." అంటూ మొదలెట్టాడు. కాసులమ్మ లేచి నిలబడి, చెయ్యెత్తి మామిడి తోరణం పట్టుకుని లాగేసింది.

"మైలేటి బాబూ?" అంది. "ఎవల్ది మైల? నా కొడుకుదా? ఈ ఇల్లు ఆడిదే. ఆడి గడప మీద ఆడిది పడితే మైలేటి?"

"అది కాదమ్మా, నా ఉద్దేశం..."

"ఎర్రయ్యా, ఇప్పెయ్యి ఇది."

ఎర్రయ్య కదల్లేదు. కాసులమ్మ వంక చూశాడు, ఇంజినీరు వంక చూశాడు. త్రినాధరావు వేలు చూపిస్తూ ముందుకొచ్చాడు. "కాసులమ్మగారూ, ఆలోచించుకోండి. ఎత్తిన గుమ్మం. అరిష్టం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా?"

"ఇప్పుడు జరిగినాదేటి మరి?" కాసులమ్మ అరిచింది. ముప్ఫై గజాల అవతల రోడ్డు మీద పోయే సైకిలువాడు కాలు దించి ఆగాడు. "నా కళ్ళ ముందు నా కొడుకుని గొడ్డుని లేపినట్టు లేపించేవు. ఆణ్ణి ఒక్క మాట అడిగేవేటి? ఇంతకన్నా పెద్ద అరిష్టం ఏటుంటాది? సెప్పు, నువ్వు సదువుకున్నోడివి కదా!"

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఎర్రయ్య సంచిలోంచి సుత్తి తీసుకుని, కుడి పక్కనున్న వెదురు పోటును ఒక్క దెబ్బ కొట్టింది. అది వంకరగా తగిలింది. ఇంకోటి కొట్టింది. గుమ్మం వణికింది. పొద్దుటి నుంచి తనలో మరుగుతున్నది తల్లి చేతుల్లోకి ఎలా వచ్చిందో నీలవేణికి అర్థం కాలేదు. ఆమె పరిగెత్తుకెళ్ళి రెండో పోటు పట్టుకుంది. అప్పటికి ఎర్రయ్య కూడా తేరుకుని, "మీద పడిపోగల్దు, జరగండమ్మా, జరగండి, నాను తీత్తాను," అంటూ వచ్చి గుమ్మానికి భుజం ఆనించాడు. పనివాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే వచ్చి ఓ చెయ్యి వేశారు. గుమ్మం వంగి, నెమ్మదిగా నేల మీద పడుకుంది.

త్రినాధరావు స్కూటర్ ఎక్కాడు. "రేపు ఏదైనా జరిగితే నన్ననకండి. నీలవేణీ, నువ్వు కూడా రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు."

"వస్తాను సార్," అంది నీలవేణి. "రేపొక్కరోజు వస్తాను. నేను గీసినవన్నీ తీసుకోవాలి. వాటి కింద మీ పేరుంది."

ఆయన ఏదో అన్నాడు గానీ బండి చప్పుడులో వినపడలేదు. వినాలని ఎవరికీ లేదు కూడా.

కాసులమ్మ పునాది మీద చతికిలబడి, గడప కింద నుంచి తీసిన నవరత్నాలను మట్టి తుడిచి కొంగున ముడేసుకుంది. భయం ఎక్కడికీ పోలేదు, ఆమె మొహంలోనే ఉంది. మధ్యమధ్య కొడుకు వైపు చూస్తూ నూకాలమ్మకు మొక్కుకుంటోంది.

ఎర్రయ్య బాబ్జి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బాబ్జీ, కొలత తీసుకుంటాను. సెప్పు."

బాబ్జి కళ్ళు తెరిచాడు. పడుకోబెట్టిన గుమ్మం వంక చూశాడు. తర్వాత ఒళ్ళో ఉన్న చేతులు తీసి చక్రాల మీద వేశాడు. తనే తోసుకుంటూ వాలు మీదుగా పునాది ఎక్కి, గుమ్మం ఉండాల్సిన చోటికి వచ్చి ఆగాడు. ఎర్రయ్య వంగి, సుద్దముక్కతో అతని మోచేతి పక్కన ఒక గీత గీశాడు, ఇటుపక్క ఇంకోటి గీశాడు.

"సాల్దు," అన్నాడు బాబ్జి. గొంతులో ఏడుపు ఇంకా పోలేదు గానీ మాట గట్టిగానే వచ్చింది. రెండు మోచేతులూ రెక్కల్లా ఎడంగా చాపాడు. "ఇంత గావాల."

ఎర్రయ్య అరచేత్తో రెండు గీతలూ చెరిపి, దూరంగా జరిగి మళ్ళీ గీశాడు.